వీల్ నట్లు: సెకండ్ హ్యాండ్ కార్లలో ఎదురయ్యే అరుదైన రకాలు, వాటి గుర్తింపు, విప్పే పద్ధతులు

కారు చక్రాన్ని హబ్బుకు అదిమి పట్టి ఉంచే మర బిగింపులను వీల్ నట్లు అంటారు. జపాన్, కొరియా, అమెరికా కార్లలోనూ, మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే మారుతీ, హ్యుందాయ్, టయోటా, హోండా కార్లలోనూ హబ్బు నుంచి స్టడ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి. వాటి మీద నట్లు ఎక్కిస్తారు. ఫోక్స్‌వాగన్, స్కోడా, ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కార్లలో స్టడ్లు ఉండవు. చక్రం రంధ్రం గుండా బోల్టును నేరుగా హబ్బులోకి బిగిస్తారు. మెకానిక్కుల నోట రెండూ వీల్ నట్లే. తేడా చెప్పాల్సిన చోట తప్ప ఈ వ్యాసంలోనూ అదే మాట వాడాం.

కొత్త కారు యజమాని ఈ నట్ల గురించి ఆలోచించాల్సిన పని ఉండదు. కారుతో వచ్చిన పానా అన్ని నట్లకూ సరిపోతుంది. సెకండ్ హ్యాండ్ కారు సంగతి వేరు. చేతులు మారే క్రమంలో ఒకరు అల్లాయ్ చక్రాలు వేయించి ఉంటారు, మరొకరు దొంగల భయంతో లాక్ నట్లు పెట్టించి ఉంటారు, ఇంకొకరు పోయిన నట్టు బదులు దొరికినదాన్ని ఎక్కించి ఉంటారు. ఈ చరిత్ర ఏదీ కాగితాల మీద ఉండదు. టైరు పంక్చరై, స్టెప్నీ దింపి, జాకీ పెట్టబోయే వేళకు పానా ఏ నట్టుకూ పట్టడం లేదని తెలుస్తుంది.

తెలియని నట్టు కనబడితే చూపు ముందు దాని తల మీద పడుతుంది. కానీ ప్రతి వీల్ నట్టుకూ మూడు గుర్తింపులు ఉంటాయి: తల, మర, సీటు. ఏ పనిముట్టు పట్టాలో తల చెబుతుంది. ఏ స్టడ్డుకు చెందిందో మర చెబుతుంది. చక్రం రంధ్రపు అంచుకు ఆనుకునే భాగమైన సీటును చూస్తే అది ఏ చక్రానికి చేసిన నట్టో తెలుస్తుంది. విప్పడం వరకైతే తల తెలిస్తే సరిపోతుంది. తిరిగి బిగించి, పిల్లాపాపలతో ఆ కారులో బయలుదేరాలంటే మిగతా రెండూ తెలిసి తీరాలి.

నట్టు చక్రాన్ని ఎలా పట్టుకుంటుంది

బండి బరువంతా స్టడ్ల మీద వేలాడుతుందన్నది చాలామంది నమ్మకం. సరిగ్గా బిగించిన చక్రంలో జరిగేది అది కాదు. నట్టు బిగిసేకొద్దీ స్టడ్డు కంటికి కనబడనంత సాగుతుంది. సాగిన ఉక్కు తిరిగి కుదించుకోవాలని చూస్తూ చక్రాన్ని హబ్బు ముఖానికి నొక్కి పెడుతుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే ఘర్షణే చక్రం జారకుండా కాపాడుతుంది.

ఆ బలం ఎంత ఉంటుందో లెక్క వేయవచ్చు. 12 మి.మీ. స్టడ్డు మీద పొడి మరతో 100 న్యూటన్ మీటర్ల టార్కుకు బిగిస్తే ఒక్కో నట్టు సుమారు 4 టన్నుల బలంతో చక్రాన్ని నొక్కుతుంది. పానాతో పెట్టిన శ్రమలో పదో వంతు మాత్రమే ఈ నొక్కుడుగా మారుతుంది. మిగిలిందంతా నట్టు కిందా మరల్లోనూ ఘర్షణకే పోతుంది. అందుకే ఘర్షణలో వచ్చే చిన్న తేడా కూడా ఫలితాన్ని బాగా మార్చేస్తుంది. తుప్పు పట్టిన మరకు పూర్తి టార్కు ఇచ్చినా నొక్కుడు చాలదు. నూనె పూసిన మరకు అదే టార్కు ఇస్తే స్టడ్డు అవసరానికి మించి సాగుతుంది.

టార్కు విలువలు కంపెనీని బట్టి మారతాయి. హోండా చాలా కార్లకు 108, టయోటా 103, ఫోక్స్‌వాగన్ 120 న్యూటన్ మీటర్లు చెబుతాయి. 40 సెంటీమీటర్ల పానాతో 100 న్యూటన్ మీటర్లు రావాలంటే దాని చివర 25 కిలోల బరువు పెట్టినంత బలం చాలు. 70 కిలోల మనిషి అదే పానా మీద ఎక్కి నిలబడితే 270 దాటుతుంది. కాలితో తొక్కి బిగించే అలవాటు వల్ల ఎన్ని స్టడ్లు లోలోపల దెబ్బతిని ఉంటాయో ఈ లెక్కను బట్టి ఊహించవచ్చు.

తలల్లో రకాలు

మామూలు నట్టుకు ఆరు పలకల తల ఉంటుంది. మారుతీ, హోండా కార్లకు 19 నంబరు పానా, హ్యుందాయ్, టయోటా కార్లకు 21 నంబరు, ఫోక్స్‌వాగన్, స్కోడా, బీఎండబ్ల్యూ బోల్టులకు 17 నంబరు సాధారణం. బజారులో దొరికే ప్లస్ ఆకారపు పానాకు నాలుగు చేతులుండటం ఈ రకరకాల కొలతల కోసమే. అమెరికా నుంచి వచ్చిన పాత కార్లకు అంగుళాల కొలత ఉంటుంది. ముప్పాతిక అంగుళం అంటే 19.05 మి.మీ., కాబట్టి 19 నంబరు పానాతో గడిచిపోతుంది. 13/16 అంగుళం అంటే 20.6 మి.మీ. దానికి 21 నంబరు పానా వదులవుతుంది, మూలలు అరిగిపోతాయి.

సైజు తెలిసీ పానా పట్టని విచిత్రమైన పరిస్థితి తొడుగు నట్లతో వస్తుంది. లోపల మామూలు ఉక్కు నట్టు ఉంటుంది, దాని మీద మెరిసే స్టెయిన్‌లెస్ రేకు తొడుగు బిగించి ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు ఒకే ముక్కలా కనబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ తొడుగు అంచుల సందుల్లోంచి తేమ లోపలికి చేరి ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి తొడుగు ఉబ్బుతుంది. 19 నంబరు తల పందొమ్మిదిన్నరకు చేరుతుంది. 19 నంబరు సాకెట్ ఎక్కదు, 20 నంబరు వదులై గుండ్రంగా తిరుగుతుంది. ఫోర్డ్, క్రైస్లర్, జనరల్ మోటార్స్ వాహనాల్లో ఈ బాధ బాగా ఎరిగినదే; అమెరికాలో ఫోర్డ్ యజమానులు దీని మీద కోర్టు దాకా వెళ్లారు. కంపెనీ వాహనాన్ని అమ్మేటప్పుడే వేసి పంపిన నట్టు రోడ్డు మీద చక్రం మార్చుకోనివ్వదంటే దాన్ని తయారీ లోపమనే అనాలి. యజమాని నిర్వహణ లోపమని తోసేయడం న్యాయం కాదు. జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో ఇక్కడి తయారీ నిలిపివేత ప్రకటించింది. ఆ కంపెనీల కార్లు సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతున్నందున, కొనేవారు నట్ల మీద రేకు తొడుగు ఉందేమో చూసుకోవడం మంచిది. ఉంటే, ఉబ్బినా ఉబ్బకపోయినా, ఒకే ముక్కగా చేసిన గట్టి నట్లకు మారిపోవాలి.

బజారు అల్లాయ్ చక్రాలతో వచ్చే పళ్ల నట్లు మరో కోవ. ఇలాంటి చక్రాల్లో నట్టు కూర్చునే రంధ్రం ఇరుకుగా ఉంటుంది, మామూలు సాకెట్ గోడకు అందులో చోటుండదు. అందుకని నట్టును సన్నగా చేసి, ఆరు పలకల బదులు చుట్టూ నిలువు గాడులు తీస్తారు. గాడుల లెక్క ఆరు గానీ ఏడు గానీ ఉండటం మామూలు. ఒక చివర ఆ గాడులు, మరో చివర ఆరు పలకలు ఉన్న చిన్న గొట్టం లాంటి తాళం వీటికి కావాలి. దాని గోడ పల్చన. టైర్ల షాపులో ఎయిర్ గన్ను పెట్టి కొడితే చీలిపోతుంది. కొన్ని నట్లకు తల బయట ఏ ఆకారమూ ఉండదు, లోపల అలెన్ తాళం పట్టే ఆరు పలకల గుంట మాత్రమే ఉంటుంది.

ఇక లాక్ నట్లు. చక్రానికి ఒకటి చొప్పున నాలుగు ఉంటాయి. మిగతా నట్లకన్నా భిన్నంగా తల గుండ్రంగా, నున్నగా ఉండి, ముఖం మీద వంపులు తిరిగిన గాడి గీతలా చెక్కి ఉంటుంది. ఆ గాడిలో అచ్చంగా కూర్చునే ఉబ్బు గీత ఉన్న తాళం ఒక్కటే దాన్ని తిప్పగలదు. 1964లో అమెరికాలో మొదలైన మెక్‌గార్డ్ కంపెనీ ఈ రకానికి పేరు తెచ్చింది. కొన్ని నట్లకు చుట్టూ ఒక వదులు కంకణం కూడా ఉంటుంది. పట్టకారుతో గానీ బిగుతు సాకెట్‌తో గానీ పట్టుకుంటే కంకణం ఒక్కటే గిరగిరా తిరుగుతుంది, లోపలి నట్టు కదలదు. ఉక్కు కూడా మామూలు డ్రిల్లు బిట్టును ఓడించేంత గట్టిది. ఫోక్స్‌వాగన్ కుటుంబపు కార్లలో లాక్ బోల్టుల తాళాలకు కోడ్ ఉంటుంది, అది తాళం మీదే ముద్రించి ఉంటుంది. ఆ కోడ్ చెబితే షోరూమ్ విడిభాగాల విభాగం కొత్తది తెప్పించగలదు. మెక్‌గార్డ్ వంటివాటికి కోడ్ నట్ల పెట్టెలోని చిన్న కార్డు మీద ఉంటుంది. కారు చేతులు మారేటప్పుడు ఆర్‌సీ, ఇన్సూరెన్సు అందుతాయి గానీ ఈ కార్డు మాత్రం పాత యజమాని సొరుగులోనే మిగిలిపోతుంది.

తల మీద మరేదో కప్పి ఉండటం వల్ల వింతగా కనబడే నట్లూ ఉన్నాయి. ఫోక్స్‌వాగన్, స్కోడా బోల్టులకు నల్లటో బూడిదరంగువో ప్లాస్టిక్ టోపీలుంటాయి. వాటిని లాగే తీగ కొక్కెం టూల్ కిట్‌లోనే వస్తుంది. లాక్ బోల్టు టోపీ మిగతావాటికన్నా కాస్త వేరుగా ఉంటుంది, కాబట్టి తీయకముందే దాన్ని పోల్చుకోవచ్చు. కొన్ని వీల్ కవర్ల మీద అచ్చు నట్లలాగే పోత పోసిన ప్లాస్టిక్ బొడిపెలుంటాయి. వాటికి పానా పెట్టి తిప్పితే కవరు పగలడం తప్ప ఫలితం లేదు. అమెరికా కార్ల కవర్లు కొన్నింటికి నిజంగానే తిరిగే ప్లాస్టిక్ నట్లుంటాయి. అవి కవరునే పట్టుకుంటాయి, అసలు నట్లు వాటి వెనక ఉంటాయి.

మర: దిశ, మందం, అంతరం

దాదాపు అన్ని కార్లలో వీల్ నట్టు ఎడమకు తిప్పితే ఊడుతుంది. దానికి మినహాయింపులు పాత కాలపు వాహనాల్లో కనబడతాయి. క్రైస్లర్ సంస్థ తన డాడ్జ్, ప్లిమత్ కార్లలో ఎడమ వైపు చక్రాలకు 1970ల ఆరంభం దాకా ఎడమ మర వాడింది. అవి కుడికి తిప్పితే ఊడతాయి. విల్లీస్ జీపులకూ ఎడమ వైపు అదే పద్ధతి. మహీంద్రా సంస్థ 1947లో మొదలుపెట్టింది ఆ విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడంతోనే, కాబట్టి పాత జీపును కొని బాగుచేయించుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చక్రం ముందుకు తిరిగే దిశ, నట్టు బిగిసే దిశ ఒకటైతే నట్టు వదులు కాదన్నది నాటి ఇంజనీర్ల ఆలోచన. శంకువు సీటు నట్లు సరిగ్గా బిగిస్తే రెండు వైపులా కుడి మరే చాలునని అనుభవం మీద తేలాక ఈ పద్ధతి పోయింది. ఎడమ మర స్టడ్డు కొనను శుభ్రం చేసి చూస్తే తరచూ ఆంగ్ల అక్షరం ‘ఎల్’ ముద్ర కనబడుతుంది. అది చూడకుండా నట్టు జామైందనుకుని గొట్టం తగిలించి ఎడమకు తిప్పేవారు నిజానికి దాన్ని ఇంకా బిగిస్తుంటారు. చివరికి స్టడ్డు తెగుతుంది.

చక్రానికంతా మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉండే పద్ధతిలో ఈ నియమం పూర్తిగా తిరగబడుతుంది. ఇంగ్లండులో రడ్జ్-విట్‌వర్త్ సంస్థ 20వ శతాబ్దం తొలి దశకంలో ప్రచారంలోకి తెచ్చిన తీగల చక్రాలు ఈ కోవవి. ఎంజీ, జాగ్వార్ స్పోర్ట్స్ కార్ల ద్వారా అవి లోకానికి తెలిశాయి. వీటిలో కుడి వైపు చక్రానికి ఎడమ మర, ఎడమ వైపు చక్రానికి కుడి మర ఉంటుంది. వేలికి వదులైన ఉంగరం వేలి మీద దొర్లుతూ నెమ్మదిగా తిరిగినట్టే, ఇరుసు కన్నా వ్యాసం ఎక్కువున్న చక్రపు బొడ్డు బరువు కింద దొర్లుతూ ఇరుసుతో పోలిస్తే కొద్దికొద్దిగా వెనకబడుతుంది. నట్టునూ అది తనతో వెనక్కి లాగుతుంది. ఆ వెనక్కి తిరిగే దిశలో బిగిసేలా మర పెట్టారు. సైకిలు ఎడమ పెడలుకు ఎడమ మర ఉండటానికీ ఈ దొర్లుడే కారణం. రెక్కలున్న ఈ నట్లను సీసం లేదా రాగి సుత్తితో కొట్టి విప్పేవారు. పాదచారులకు ప్రమాదమని అమెరికా 1968 నుంచి రెక్కల నట్లను నిషేధించడంతో వాటి స్థానంలో ఎనిమిది పలకల నట్లు వచ్చాయి. ఈ కాలపు పోర్షే 911 జీటీ3లో కూడా మధ్య నట్టే ఉంటుంది. దాన్ని 600 న్యూటన్ మీటర్లకు బిగించాలి కాబట్టి రోడ్డు పక్కన సులభంగా లొంగే పని కాదు.

దిశ కన్నా ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది మరల మధ్య అంతరం. మారుతీ, నిస్సాన్ స్టడ్లు 12 మి.మీ. మందం, 1.25 మి.మీ. అంతరం. టయోటా, హోండా, హ్యుందాయ్, కియా స్టడ్లు 12 మి.మీ. మందం, 1.5 మి.మీ. అంతరం. కంటికి రెండూ ఒకటే. ఒకదాని నట్టు ఇంకోదాని మీద రెండు మూడు చుట్లు ఎక్కి ఆగిపోతుంది. అక్కడ చేతికి పానా అందిస్తే మర తినేస్తుంది. ఇంతకన్నా మోసకారి ఇంకొకటుంది. అమెరికా అరంగుళం నట్టుకు మర అంతరం 1.27 మి.మీ., మందం 12.7 మి.మీ. అది మారుతీ స్టడ్డు మీద చివరిదాకా సునాయాసంగా ఎక్కుతుంది. అంతరం దాదాపు కలిసినా మందం చాలనందున మరల కొసలు మాత్రమే తగులుతాయి, బరువు పడగానే ఊడివచ్చేస్తుంది. కొత్త నట్టు చేత్తో తిప్పుతుంటే అటూ ఇటూ ఊగితే దాన్ని ఎంత మాత్రం వాడకూడదు.

ఎన్ని చుట్లు ఎక్కిందన్నదీ చూడాలి. స్టడ్డు మందానికి సమానమైన పొడవు మేర మర పట్టాలన్నది ఇంజనీర్ల కనీస నియమం. 12 మి.మీ. మందం, 1.5 అంతరమైతే 8 చుట్లు, 1.25 అంతరమైతే 10 చుట్లు. చక్రం వెనక స్పేసర్లు పెట్టి టైర్లను బయటికి తెచ్చిన కార్లలో ఈ లెక్క తరచూ తప్పుతుంది. బోల్టు కార్లలో దీనికి రెండో ముఖం కూడా ఉంది. మందమైన అల్లాయ్ చక్రానికి చేసిన పొడవు బోల్టును పల్చని ఉక్కు చక్రానికి వాడితే దాని కొన హబ్బు దాటి బ్రేకు భాగాలను గీరుతుంది.

సీటు

చక్రాన్ని తాకే అంచు ఎక్కువగా 60 డిగ్రీల శంకువు ఆకారంలో ఉంటుంది. మారుతీ, హ్యుందాయ్ నట్లు, బజారు అల్లాయ్ చక్రాలు దాదాపు అన్నీ ఈ కోవే. హోండా కంపెనీ చక్రాలకు, ఫోక్స్‌వాగన్ చక్రాలకు గోళాకారపు సీటు ఉంటుంది. టయోటా పాత అల్లాయ్ చక్రాలకు పొడవాటి మెడ, వదులు వాషరు ఉన్న బల్లపరుపు సీటు నట్లు వచ్చేవి.

ఇక్కడే మన ఊళ్లలో బాగా జరిగే పొరపాటు ఉంది. హోండా సిటీకి బజారు అల్లాయ్ చక్రాలు వేయించి, కంపెనీ నట్లతోనే బిగించేస్తారు. గోళం శంకువులో కూర్చుంటే సన్నని గీత మేర మాత్రమే తాకుతుంది. టార్కు రెంచి సరైన అంకె చూపిస్తుంది, నట్టు బిగిసినట్టే ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆ గీత దగ్గర అల్యూమినియం నలిగి నొక్కుడు పోతుంది. చక్రం తీసినప్పుడు రంధ్రపు అంచులో వెడల్పాటి మెరుపు పట్టీ కనబడితే సీటు కుదిరినట్టు. సన్నని మెరుపు గీతో, ఒక పక్కనే ఒరుపో కనబడితే నట్లు మార్చాల్సిందే.

కదిలే సీటు ఉన్న బోల్టులు కూడా ఉన్నాయి. ఫియట్ పాలియో వంటి కార్లకు బోల్టుల వలయం వ్యాసం 98 మి.మీ.; బజారులో చక్రాలేమో 100 మి.మీ. వలయానికి విరివిగా దొరుకుతాయి. ఆ 2 మి.మీ. తేడాను సర్దడానికి మెడ దగ్గర వదులు కంకణం ఉన్న బోల్టులు వాడతారు. బోల్టు పాడైందనుకుని ఆ కంకణాన్ని తీసి పారేస్తే చక్రం మళ్లీ మధ్యకు కుదరదు.

నట్ల సంఖ్య తక్కువైన కొద్దీ ఈ తప్పుల తీవ్రత పెరుగుతుంది. టాటా నానోకు, రెనో క్విడ్ తొలి బండ్లకు చక్రానికి మూడే నట్లు. వాటిలో ఒకటి తప్పు రకమైతే పట్టులో మూడో వంతు పోయినట్టే.

కారు కొనేటప్పుడు చూడాల్సినవి

బేరం కుదిరే ముందే, పగటి వెలుతురులో, నాలుగు చక్రాల నట్లనూ చూడాలి. ప్రతి చక్రం మీద మిగతావాటికి భిన్నమైన నట్టు ఒకటుంటే అది లాక్ నట్టు. తాళం ఎక్కడుందని వెంటనే అడగాలి. గ్లవ్ బాక్స్, డిక్కీలో స్టెప్నీ కింది గుంట, జాకీ సంచి, సీట్ల మధ్య పెట్టె వెతకాల్సిన చోట్లు. పాత యజమాని ఇంట్లో ఉండే అవకాశమూ ఉంది. తాళం దొరికితే నాలుగు చక్రాల మీదా పెట్టి చూడాలి, ఎందుకంటే రెండు వేర్వేరు సెట్లు కలిసిపోయిన కార్లున్నాయి. తాళం ముఖానికి ఫొటో తీసి ఫోన్లో ఉంచుకుంటే పోయిన రోజున అదే ఆధారం.

తరవాత ఒక్కో చక్రం నుంచి ఒక్కో నట్టు విప్పి, మర ఎలా ఉందో, సీటు ఏ ఆకారమో చూసి తిరిగి బిగించాలి. అర్ధగంట పని. ఇంజన్ శబ్దం వినడానికి, పెయింటు గీతలు లెక్కపెట్టడానికి పెట్టే సమయంలో కొంత దీనికి తప్పక కేటాయించాలి. అమ్మేవారికి ఇందులో అభ్యంతరం ఉండకూడదు.

విప్పడం

మొదటి నియమం: చక్రం నేల మీద ఉండగానే నట్లను పావు చుట్టు వదులు చేయాలి, ఆ తరవాతే జాకీ ఎత్తాలి. గాలిలో ఉన్న బండి మీద బలం ప్రయోగిస్తే జాకీ జారుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి, ఎదురు మూలనున్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. చక్రం తీశాక బండి కింద పని ఉంటే జాకీని నమ్మకుండా స్టాండు పెట్టాలి.

తుప్పుతో జామైన నట్టుకు తొందర పనికిరాదు. మరలోకి చొచ్చుకుపోయే తుప్పు నూనె కొట్టి రాత్రంతా వదిలేయడం అన్నిటికన్నా చవకైన చికిత్స. పొద్దున స్టడ్డు కొన మీద సుత్తితో నాలుగు తేలికపాటి దెబ్బలు వేస్తే తుప్పు పొర చిట్లి నూనె లోపలికి దిగుతుంది. పన్నెండు మూలల సాకెట్ కాకుండా ఆరు మూలల సాకెట్, పొడవైన గట్టి హ్యాండిలు వాడాలి. ముందు కొద్దిగా బిగించే దిశలో ఒక నెట్టు నెట్టి, వెంటనే విప్పే దిశలో లాగితే మొండి నట్లు చాలావరకు లొంగుతాయి. నట్టు కదిలాక ఒకేసారి బయటికి లాగకుండా అర చుట్టు విప్పి పావు చుట్టు బిగిస్తూ తుప్పు పొడిని బయటికి రానివ్వాలి. ఊడాక ఆ నూనె మరల మీద ఉండిపోకుండా తుడిచేయాలి.

వేడి చేయడం లారీ షెడ్లలో మామూలే గానీ కారుకు చివరి మార్గంగా కూడా సిఫారసు చేయలేం. అల్లాయ్ చక్రం వేడికి బలం కోల్పోతుంది, బేరింగు గ్రీజు కరుగుతుంది, ఏబీఎస్ సెన్సరు కాలిపోతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం టైరుది. టైరు ఉన్న చక్రానికి మంట పెడితే లోపలి రబ్బరు ఆవిర్లు అంటుకుని పేలుతుంది. ఇలాంటి పేలుళ్లలో మనుషులు చనిపోయారు.

ఉబ్బిన తొడుగు నట్టుకు రెండు దారులు. రేకు అంచులో ఉలి పెట్టి చీల్చి తొడుగును ఒలిచేస్తే లోపలి నట్టు బయటపడుతుంది. అది 19 నంబరు తొడుగుదైతే లోపలిది సుమారు 18కి దిగుతుంది. లేదంటే కాస్త పెద్ద ఆరు మూలల సాకెట్‌ను, అరమిల్లీమీటరు తేడాలతో ప్రత్యేకంగా దొరికేవాటిని, సుత్తితో కొట్టి ఎక్కించి తిప్పవచ్చు. మూలలు అరిగి గుండ్రంగా మారిన నట్టుకు లోపల ఎడమ వంపు పళ్లున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ వాడాలి. సుత్తితో దిగగొట్టి ఎడమకు తిప్పేకొద్దీ ఆ పళ్లు లోహంలోకి ఇంకా లోతుగా దిగుతాయి. ఆ నట్టు మళ్లీ పనికిరాదు.

తాళం పోయిన లాక్ నట్టు దగ్గర ఓపిక, వివేకం రెండూ పరీక్షకొస్తాయి. మొదట చేయాల్సింది షోరూమ్‌కు వెళ్లడం. కొన్ని షోరూమ్‌ల వర్క్‌షాపుల్లో తమ కంపెనీ లాక్ నట్ల తాళాలన్నీ ఉన్న పెట్టె ఉంటుంది. బండి పత్రాలు చూపిస్తే సరిపోలేది పెట్టి విప్పుతారు. చక్రానికి, నట్టుకు, స్టడ్డుకు గీత కూడా పడదు. బజారు లాక్ నట్టు అయితే, లేదా షోరూమ్‌లే మూతపడిన కంపెనీ కారు అయితే, బలప్రయోగం తప్పదు. వదులు కంకణం లేని నట్టు మీద కొంచెం చిన్న పన్నెండు మూలల సాకెట్ కొట్టి ఎక్కిస్తే తరచూ పని జరుగుతుంది. కంకణం ఉంటే ముందు దాన్ని ఉలితో చీల్చాలి. బోల్టు రకమైతే తల మధ్యలోంచి గట్టి బిట్టుతో రంధ్రం చేస్తూ పోతే తల విడిపోతుంది. తల పోగానే బోల్టులోని బిగుతు కూడా పోతుంది కాబట్టి, చక్రం తీశాక హబ్బులో మిగిలిన మొండిని చాలాసార్లు పట్టకారుతోనే తిప్పి తీయవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పని చేసే అనుభవజ్ఞులు దొరుకుతారు. గ్రైండరు అందుకునే వారికి మాత్రం చక్రం అప్పగించకూడదు. నట్టుతో పాటు రంధ్రపు సీటు కూడా కోసుకుపోతే చక్రమే వృథా.

తాళం ఉన్నా దాన్ని చేత్తోనే వాడాలి. ఎయిర్ గన్ను దెబ్బకు తాళం ఉబ్బు గీత విరిగి నట్టులోనే ఇరుక్కుంటుంది. టైర్ల షాపులో పని మొదలయ్యేముందే ఈ మాట చెప్పి, దగ్గరుండి చూసుకోవాలి, పని అయ్యాక తాళాన్ని వెనక్కి అడిగి తీసుకోవాలి. తాళాలు ఎక్కువగా పోయేది అక్కడే.

నట్టు తిరుగుతూనే ఉండి బయటికి రాకపోతే, స్టడ్డు హబ్బులో వదులై నట్టుతో పాటే తిరుగుతున్నట్టు లెక్క. స్టడ్డు మెడ మీద ఉండే గాడులు హబ్బు రంధ్రంలో కొరుక్కుని పట్టుకోవాలి, అవి అరిగిపోయాయి. అప్పుడు నట్టును చీల్చడం గానీ స్టడ్డును కోయడం గానీ తప్పదు. కొత్త స్టడ్డును హబ్బు వెనక నుంచి దిగగొట్టాలి. కొన్ని కార్లలో వెనక చోటు చాలక హబ్బునే విప్పాల్సి వస్తుంది. ఒక స్టడ్డు తెగిన చక్రంలో పక్క స్టడ్లు కూడా అదనపు భారం మోసి ఉంటాయి కాబట్టి, ఆ చక్రానికి మొత్తం సెట్టు మార్చడం సబబు.

నట్లన్నీ ఊడాక కూడా అల్లాయ్ చక్రం హబ్బును వదలకపోవచ్చు. ఉక్కు, అల్యూమినియం తేమలో కలిసి ఉంటే రెండింటి మధ్యా తెల్లటి తుప్పు పేరుకుంటుంది. టైరు పక్క గోడను అటూ ఇటూ మార్చి కాలితో తన్నితే విడుస్తుంది. రిమ్ము మీద సుత్తి దెబ్బ పడకూడదు. విడిపోయాక హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో రుద్దాలి.

తిరిగి బిగించడం

కంపెనీ పుస్తకం ప్రత్యేకంగా చెబితే తప్ప మరలకు నూనె, గ్రీజు పూయకూడదు. వైరు బ్రష్షుతో శుభ్రం చేసి పొడిగా ఉంచాలి. ప్రతి నట్టునూ కనీసం నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించాలి. చెయ్యి ఆగిపోయిన చోట పానా పెట్టకుండా వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. వరసగా కాకుండా ఎదురెదురు నట్లను మార్చి మార్చి, రెండు విడతల్లో బిగించి, బండి దించాక టార్కు రెంచితో ముగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి టార్కు చూడాలి, ఎందుకంటే రంగు పొరలు, తుప్పు రేణువులు నలిగి నట్టు కొద్దిగా వదులవుతుంది.

లాక్ నట్లను తీసేసినప్పుడు వాటి స్థానంలో మిగతావాటితో మర, సీటు, పొడవు కలిసిన మామూలు నట్లు వేయాలి. అల్లాయ్ చక్రాలకు ప్రత్యేక నట్లు వాడుతూ, స్టెప్నీ మాత్రం ఉక్కు చక్రమైతే, ఆ నట్లు స్టెప్నీ రంధ్రాల్లో కూర్చుంటాయో లేదో ముందే సరిచూసుకోవాలి. కూర్చోకపోతే స్టెప్నీకి సరిపడే ఒక సెట్టు నట్లను చిన్న సంచిలో కట్టి జాకీ పక్కన పెట్టాలి. పళ్ల నట్ల తాళం, లాక్ నట్ల తాళం, టోపీల కొక్కెం కూడా అదే సంచిలో ఉండాలి.